వల కన్ను: కథకుల కోసం ఒక వివరణ

ఆ మధ్య ఒక కథా కార్యశాలలో కొత్త కథకుల రాతప్రతులు చదివి అభిప్రాయం చెప్పే పని నామీద పడింది. వచ్చిన కథల్లో నాలుగు చేపలు పట్టేవాళ్ల జీవితం మీద రాసినవి. మూడింటిలో దళారి మోసం, అప్పు, ఆడపిల్ల పెళ్లి, చివర బిగించిన పిడికిలి వున్నాయి. వాటిని మెచ్చుకున్నాను. నాలుగో కథలో ఒక ముసలి బెస్తాయన తన కొడుకు తెచ్చిన చిన్న కన్ను వలను చెరువు గట్టు మీద చింపేస్తాడు. పిల్లల గుంపును కాచుకుంటూ తిరిగే కొర్రమీనును చూసి, పట్టకుండా వదిలేస్తాడు. కథ అంతే. దాని అంచున నేను ఎర్ర సిరాతో, "ప్రధాన వైరుధ్యాన్ని వదిలిపెట్టి, తండ్రీకొడుకుల మధ్య అప్రధాన వైరుధ్యాన్ని పట్టుకున్నారు. చేప మీద జాలి వర్గ చైతన్యం కాదు" అని రాశాను.

ఆ కథ రాసిన పిల్లవాడు ఎదురు చెప్పలేదు. చేపలు పట్టే కుటుంబంలోంచి వచ్చినవాడు. వెళ్లేటప్పుడు మాత్రం, "సార్, ఎండాకాలం మా చెరువు పడుతరు. ఒక్కసారి రాండ్రి" అన్నాడు. నేను వెళ్లాను. అక్కడ చూసినదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి యీ వ్యాసం రాస్తున్నాను. ఆ కథ విషయంలో నా తీర్పు తప్పు. ఆ తప్పు నా ఒక్కడిదే అయితే ఒక వుత్తరం రాసి వూరుకునేవాణ్ణి. మన విమర్శలో అది చాలామందికి వున్న అలవాటు కనుక పదిమందిలో చెప్పవలసి వచ్చింది.

1

నేను మహబూబాబాద్ జిల్లా గంగారంలో తెలుగు చెప్పుకుంటున్న బడిపంతుల్ని. వూరి పేరులోనే గంగ వుంది. చుట్టూ కోయగూడేలు, అడవి, కుంటలు. ఇవతల పాకాల, అవతల రామప్ప, లక్నవరం. కాకతీయులనాటి పెద్ద చెరువులు కొన్ని యీ చుట్టుపక్కలవే. ఇరవై ఏళ్లుగా పాఠాల్లో చెరువు గురించి చెబుతున్నాను. శాసనాలు, సప్త సంతానాలు, ఆయకట్టు, తూములు అన్నీ చెప్పాను. అందులో చేప ప్రస్తావన ఎన్నడూ రాలేదు. చెరువంటే పొలానికి నీరు అని మాత్రమే అనుకున్నాను. అది భూమి వున్నవాడి దృష్టి అని నాకు తట్టలేదు.

చెరువు పట్టేరోజు తెల్లవారకముందే గట్టు మీద జనం. థర్మోకోలు తెప్పల మీద మనుషులు, లాగుడు వల, ఒడ్డున కాంటా, ఐసు పెట్టెలతో వ్యాపారి బండి. వల ఒడ్డుకు వచ్చాక పెద్ద చేపల మధ్య అరచేతి పొడవు పిల్లలు ఎగురుతున్నాయి. వాటినీ బుట్టలకెత్తుతున్నారు. పక్కనున్న ముసలాయనను, "తాతా, ఇంత చిన్నవి ఎందుకు పడుతున్నరు?" అని అడిగాను.

"మిత్తి తినాలె గని అసలు తింటమా సారూ?" అన్నాడాయన. "వాడు కాంటా పెడుతుండు, వీళ్లు ఎత్తుతున్నరు. నా మాట ఎవలింటరు?"

చేపల నిల్వల గురించి శాస్త్రజ్ఞులు గ్రంథాల్లో రాసినదంతా ఆ మొదటి వాక్యంలో వుంది. నీటిలో వున్న చేపల మొత్తం అసలు. ఏటా అవి పెట్టే పిల్లలూ, పెరిగే బరువూ వడ్డీ. చచ్చేవి పోగా మిగిలిన వడ్డీ మేరకు పట్టుకుంటే అసలు అట్లాగే వుంటుంది. అంతకుమించి పడితే అసలు తరుగుతుంది. అసలు తరిగితే మరుసటి ఏడు వడ్డీ కూడా తరుగుతుంది. వల కన్ను కొలత, వేట విరామం, పడవల సంఖ్య మీద హద్దు, పట్టుబడి మీద కోటా అనే నియంత్రణలన్నీ యీ అసలును కాపాడుకొనే మార్గాలే. కన్ను పెద్దదైతే పిల్ల జారిపోతుంది, తల్లి అయ్యేదాకా బతుకుతుంది. గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపితే ఆ తరం నిలుస్తుంది. కోటా పద్ధతిలో అయితే ఏడాదికి ఇన్ని టన్నులని ముందే లెక్కగట్టి, ఎవరికి ఎంతో పంచుతారు.

అయితే చెరువుకూ సముద్రానికీ తేడా వుంది. మన చెరువుల్లో పెంచే బొచ్చె, రోహు వంటి చేపలు వరద పారే నదుల్లో గుడ్లు పెడతాయి తప్ప నిలవ నీటిలో పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు ఒడిషాలో హార్మోను సూదితో వీటిచేత గుడ్లు పెట్టించాక, విత్తనం తయారుచేసి చెరువుల్లో వదలడం విస్తరించింది. అంటే వీటి విషయంలో అసలును మనమే ఏటేటా తెచ్చి పోస్తున్నాం. కొర్రమీను, జెల్ల, పరక వంటి నాటు చేపలు అట్లా కాదు. అవి కుంటల్లో, వాగుల్లో, మునిగిన పొలాల్లో తమంతట తామే పుట్టి పెరుగుతాయి. కొర్రమీను తన ఎర్రటి పిల్లల గుంపు చుట్టూ కావలి తిరుగుతుంది. ఆ ఎరుపును చూసే మనిషి దాని జాడ కనిపెడతాడు. ఆ సమయంలో దాన్ని పడితే పట్టింది ఒక చేపనే అయినా, పోయేది గుంపంతా. ముసలాయన కొర్రమీనును వదిలెయ్యడాన్ని నేను జాలి అన్నాను. అది లెక్క. తరాల శ్రమలో పుట్టిన జ్ఞానం. శ్రామికుడి చేతిలోని జ్ఞానాన్ని సెంటిమెంటు కింద జమకట్టడం ఎటువంటి వర్గ దృక్పథం?

మృగశిర కార్తె నాడు చేప తినాలని మన ఆచారం. తొలకరి వరదకు చేపలు గుడ్లతో ఏరు ఎదురెక్కేదీ ఆ రోజుల్లోనే. పూర్వం దొరికిన నాలుగు చేపలను వూరు పంచుకు తిన్నప్పుడు ఆ ఆచారంతో నష్టం లేకపోయి వుండవచ్చు. సన్నకన్ను నైలాను వల ప్రతి మత్తడి కింద, ప్రతి కాలువ మలుపులో అడ్డం కట్టే కాలంలో అదే ఆచారానికి వేరే ఫలితం వుంటుంది. వుత్పత్తి సాధనం మారితే ఆచారం అర్థం కూడా మారుతుందని మనం వేరే సందర్భాల్లో చెబుతూనే వుంటాం కదా.

2

ఇక వివాదం. చేప తరిగిపోతుందంటే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి.

మొదటిది 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు ప్రసిద్ధం చేసిన వాదం. అందరిదీ అయిన పచ్చికబయలులో ప్రతి ఒక్కడూ మరొక పశువును తోలుతాడు, చివరకు బయలు నాశనమవుతుంది; కాబట్టి దాన్ని సర్కారు అయినా తీసుకోవాలి, సొంత ఆస్తిగా అయినా పంచాలి. ఈ వాదం తర్కానికి నిలిచినట్టే కనిపిస్తుంది. కాని అందులో ఒక గారడీ వుంది. కట్టుబాటు లేని బయలునూ, కట్టుబాటుతో నడిచే వుమ్మడినీ ఒకటిగా చూపిస్తుంది. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన గ్రంథంలో యీ తేడానే నిరూపించింది. ప్రజలు తమంతట తాము నియమాలు పెట్టుకొని, కాపలా కాసుకొని, తప్పు చేసినవాడికి దండుగ వేసుకొని వుమ్మడి వనరులను తరతరాలు నిలుపుకున్న వుదాహరణలు చూపింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మనకు యీ సంగతి కొత్త కాదు. చెరువు నీటిని వంతులుగా పారించే నీరటి వ్యవస్థ మన వూళ్లలో వుండేది. పులికాట్ సరస్సులో చేపలు పట్టే చోట్లను వంతుల మీద పంచుకొనే 'పాడు' పద్ధతి వుంది. అయితే యీ కట్టుబాట్లు కులం గీసిన గీతల లోపల నడిచినవనీ, గీత బయటివాడికీ ఆడదానికీ అందులో మాట లేకపోయిందనీ మరిచిపోయి వాటిని కీర్తించడం కూడా పొరపాటే.

రెండో జవాబు మన శిబిరంలో వినిపించేది. "కొరత అంతా కృత్రిమం, దోపిడీ పోతే చేపకు కొదవ లేదు" అన్నది. ఇది పాక్షిక సత్యం. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరంలో శతాబ్దాలపాటు కాడ్ చేపను పట్టారు. తరువాత భారీ ట్రాలర్లు వచ్చాయి. దగ్గరి నీళ్లలో వేటాడే చిన్న జాలరులు 1980లలోనే చేప చిన్నదవుతోందని మొత్తుకున్నారు. ప్రభుత్వం తన అంచనాలనూ కోటాలనూ నమ్ముకుంది. 1992 జులైలో ఆ వేటను నిషేధించక తప్పలేదు. 30 వేల మందికి పైగా పని పోయింది. రెండేళ్లకని చెప్పిన నిషేధం 2024లో గాని పూర్తిగా తొలగలేదు. చేపను మితిమీరి పట్టించినవి కంపెనీల లాభాలే అయినా, తరిగిపోయిన చేప మాత్రం నిజంగానే తరిగిపోయింది. లాభాపేక్షను ఖండించినంత మాత్రాన అది తిరిగి రాలేదు. దోపిడీ సామాజికమే, దాని హద్దు ప్రకృతిది. రెంటినీ కలిపి చూడనిది గతితర్కం కాదు.

కోటా కూడా తటస్థమైన సాధనం కాదు. ఐస్లాండు 1984లో కాడ్ వేటకు కోటాలు పెట్టింది. 1990 చట్టంతో వాటిని అమ్ముకోవడానికీ కొనుక్కోవడానికీ విస్తృతంగా వీలు కల్పించింది. చేపల నిల్వను కాపాడడంలో ఆ దేశాన్ని మెచ్చుకొనేవారున్నారు. కాని కోటా సరుకుగా మారాక అది పెద్ద సంస్థల చేతుల్లోకి పోగుపడింది. చిన్న తీర గ్రామాలు ఎదురుగా సముద్రం వున్నా పట్టే హక్కు లేనివయ్యాయి. నీటిలో ఇంకా పుట్టని చేప ఒడ్డు మీద ఒకరి ఆస్తి అయింది.

మన దేశంలో సముద్రపు వేటకు అటువంటి కోటాలు లేవు. వేట విరామం, దూరపు హద్దులు, వలల మీద నియమాలు వున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం కింద తీరం దగ్గరి నీళ్లు సంప్రదాయ జాలరులకని కేటాయించారు. తూర్పు తీరంలో 2015 నుంచి ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట విరామం. ఆ కాలానికి ఇచ్చే భృతి 2019లో 10 వేల రూపాయలు, 2025లో 20 వేలు అయింది. నియమాలు వున్నాయి గనక గొడవ లేదా? 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల మీద జాలరి గ్రామాలు రెండుగా చీలి కొట్టుకున్నాయి. పడవలు తగలబడ్డాయి. చేపల గుంపును చుట్టుముట్టి పట్టేసే ఆ వల వుంటే మాకు మిగిలేదేమిటని ఒక పక్షం, అప్పు చేసి వల కొన్నాం, ఎట్లా బతకాలని మరో పక్షం. ఇద్దరూ పేదలే. ఒక కథకుడు యీ ఘర్షణను రాయాలనుకుంటే అందులో విలన్ ఎవరు?

ప్రపంచ వాణిజ్య సంస్థ 2022లో చేపల వేట సబ్సిడీల మీద ఒప్పందాన్ని ఆమోదించింది, 2025 సెప్టెంబరులో అది అమలులోకి వచ్చింది. ఆ చర్చల్లో మన దేశం, దూరసముద్రాల్లో భారీ నౌకలు నడిపిన దేశాలనూ, తెప్ప మీద పోయే జాలరినీ ఒకే త్రాసులో తూచవద్దని వాదించింది. ఆ వాదం న్యాయమైనదే. కాని దేశాల మధ్య అడిగిన న్యాయాన్ని మన తీరంలోనే మరపడవ యజమానికీ తెప్ప మీది మనిషికీ మధ్య కూడా అడగాలి.

3

'చేప మిగులుతుందా?' అన్న ప్రశ్నా, 'చేప ఎవరిది?' అన్న ప్రశ్నా వేరువేరు కావని కొల్లేరు చూపిస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య వున్న ఆ సరస్సులో 1970ల నడిమి నుంచి పేద జాలరులకూ దళితులకూ సహకార సంఘాల పేర చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. పట్టాలు, సంఘాలు పేదల పేరనే వున్నాయి. పెట్టుబడి లేని చేతుల్లోంచి చెరువులు మాత్రం లీజుల పేర పెట్టుబడిదారులకు చేరాయి. సరస్సు గట్లతో నిండిపోయింది. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒప్పందం జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు జోక్యంతో చెరువుల గట్లు కొట్టేశారు. అప్పుడు కూలి పోయింది ఎవరికి? పర్యావరణం పేరు చెప్పి పేదను కొట్టారని ఒకరు, పేద పేరు చెప్పి సరస్సును మింగారని ఒకరు అన్నారు. రెండూ జరిగాయి. హక్కు కాగితం మీద వుండి పెట్టుబడి ఇంకొకడి చేతిలో వుంటే, అటు చేపా మిగలదు, ఇటు మనిషీ మిగలడు.

ఇక్కడ మార్క్సు ఇరవై నాలుగేళ్ల వయసులో, 1842లో, రైన్లాండు పత్రికలో రాసిన వ్యాసాలు గుర్తుకు రావాలి. అడవిలో రాలిన పుల్లలు ఏరుకొనే పేదలను దొంగలుగా శిక్షించే చట్టం మీద ఆయన రాశాడు. వాడుక హక్కును నేరంగా మార్చేది ఆస్తి హక్కేనని చూపించాడు. భౌతిక ప్రయోజనాల గురించి ఆలోచించక తప్పని స్థితిలోకి తనను నెట్టిన తొలి సందర్భాల్లో అది ఒకటని తరువాత తానే చెప్పుకున్నాడు. మన శాస్త్రానికి మూలపురుషుడు ఆర్థిక విషయాల వైపు మొదట తిరిగింది అడవి పుల్లలను చూసి. మనం చేపపిల్లను చూసి తిరగడానికి మొహమాటం ఎందుకు?

మా ప్రాంతానికి వస్తే తెలంగాణ చెరువుల్లో చేపల హక్కు ఎక్కువగా మత్స్య సహకార సంఘాలది. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికలు తీశారు. 2016 నుంచి ప్రభుత్వం వుచితంగా చేపపిల్లలను వదలడం మొదలుపెట్టింది. చేప ఖరీదైనకొద్దీ సంఘ సభ్యత్వం ఎవరిదన్న తగాదా గంగపుత్రులకూ ముదిరాజులకూ మధ్య పెరిగింది. ఏజెన్సీలో మూడో గొంతు వుంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించమంది. కుంట కోయగూడెంలో వుంటే చేప కులవృత్తి వున్నవాడిదా, ఆ నేల మీద బతికేవాడిదా? ఈ ప్రశ్నకు కథలోనో వ్యాసంలోనో తొందరపడి తీర్పు చెప్పేవాణ్ణి నేను నమ్మను. పీడితులే ఎదురెదురుగా నిలబడ్డ చోట రచయిత మొదట చెయ్యవలసింది రెండు పక్షాల లెక్కలూ చదవడం. ఆ తగాదా సాగినన్నాళ్లు కాంటా ఎవరి చేతిలో వుందో చూడడం.

4

సాహిత్యం దీన్ని ఎట్లా పట్టుకుంది? మాణిక్ బందోపాధ్యాయ 'పద్మా నదీర్ మాఝి' (1936)లో కుబేర్‌కు సొంత పడవ లేదు, వల లేదు. పట్టినదాంట్లో పడవ యజమాని వాటా ముందే పోతుంది. వుత్పత్తి సంబంధం అక్కడ వుపన్యాసంగా రాదు, వాటా లెక్కగా వస్తుంది. చేపలు పట్టే మాలో కులంలో పుట్టిన అద్వైత మల్లబర్మన్ రాసిన 'తితాస్ ఏక్‌టి నదీర్ నామ్' ఆయన పోయాక 1956లో పుస్తకంగా వచ్చింది. అందులో నదే మేట వేసి చచ్చిపోతుంది. లేచిన దిబ్బలు భూమి బలమున్నవాళ్ల పాలవుతాయి. ప్రకృతిలో వచ్చిన మార్పు ఎవరికి నేలగా, ఎవరికి చావుగా పరిణమించిందో ఆ నవల చూపినంత స్పష్టంగా సిద్ధాంత గ్రంథాలు చూపలేదు. తకళి 'చెమ్మీన్' (1956)లో ఒడ్డున స్త్రీ శీలం మీద సముద్రంలో మగవాడి ప్రాణం ఆధారపడి వుంటుందన్న నమ్మకం కథను నడుపుతుంది. సముద్రంతో వుమ్మడి కట్టుబాటు పురాణ రూపం తీసుకున్నప్పుడు ఆ బరువంతా ఆడదాని నెత్తిన ఎట్లా పడుతుందో అక్కడ చూడవచ్చు. మన తెలుగులో అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' ఒక సరస్సుతోపాటు ఒక బతుకు విధానం మాయమవడాన్ని నమోదు చేసింది.

ఈ రచనల్లో నదీ సరస్సూ పాత్రలకు వెనక వేలాడే తెరలు కావు. అవి తరుగుతాయి, మారుతాయి, మనుషుల మధ్య సంబంధాలను మారుస్తాయి. మన చాలా కథల్లో సముద్రం ఎప్పుడూ నిండుగా వుంటుంది, చేప ఎప్పుడూ పడుతుంది, దళారి మాత్రమే ఎత్తుకుపోతాడు. చేప పడని రోజు మన కథలో లేదు. ఎందుకు పడలేదని అడిగే పాత్ర అసలే లేదు. అందుకని కొత్తగా రాసే మిత్రులకు నా సూచన ఒకటే. దళారిని వదలవద్దు. వల కన్ను కూడా కొలవండి. వల ఎవరిది, ఎవరి డబ్బుతో కొన్నారు, కన్ను ఎంత, ఏ నెలలో వేశారు, పట్టినదాంట్లో ఎవరికెంత వాటా, మార్కెట్లో గంప పెట్టుకు కూర్చొనే ఆడమనిషికి సంఘంలో సభ్యత్వం వుందా అన్న ప్రశ్నలకు జవాబులు తెలియకుండా రాసిన చివరి పిడికిలి ఎవరినీ కదిలించదు.

చెరువు నుంచి తిరిగి వస్తూ ఆ పిల్లవాడికి నా తప్పు ఒప్పుకున్నాను. కథలో ముసలాయన చేసినది సరైనదేనని చెప్పాను. తరువాత ఒక సంగతి అడిగాను.

"కొడుకు ఆ చిన్న కన్ను వల ఎట్ల కొన్నడు?"

కాసేపు వూరుకొని, "వ్యాపారి అడ్వాన్సు ఇచ్చిండు సార్" అన్నాడు. "పిల్ల అయినా తల్లి అయినా బరువు మీదనే కొంటడు. మార్చి లోపల తీర్చాలంటడు. మే దాక ఆగితే చేప పెరుగుతది, గని బాకీ ఆగది."

"మరి అది కథలో ఏది?"

"అది అందరికీ ఎరికే గద సార్ అనుకున్న."

నాకు తెలియదు. తెలియకనే అది తండ్రీకొడుకుల గొడవ అన్నాను. కొడుకు తండ్రి మాట వినకపోవడానికి కారణం ఆ బాకీ గడువులో వుంది. నేను ప్రధానం, అప్రధానం అని విడగొట్టిన రెండు వైరుధ్యాలు ఆ వల కన్నులోనే కలిసి వున్నాయి. ఆ పిల్లవాడు కథను తిరిగి రాస్తున్నాడు. రాతప్రతి అంచున నేను ఎర్ర సిరాతో రాసిన మాటలను కొట్టేసి ఇచ్చాను.